ఆకు వెనక్కి తిప్పి చూశాక

ఎండలు ముదురుతున్న రోజుల్లో మా గులాబీ కుండీల్లో ఒకదానికి ఆకులు కళ తప్పడం మొదలైంది. పచ్చదనం పాలిపోయి, సన్న ఇసుక చల్లినట్టు పైనంతా లేత చుక్కలు. అదే మొక్కకి కొన్ని ఆకుల అంచులు అర్ధచంద్రాకారంలో, కత్తెరతో కోసినంత నున్నగా తెగిపోయి ఉన్నాయి. రెండూ ఒకే పురుగు పని అనుకున్నాను. నా పొరపాటు అక్కడే మొదలైంది.

ఇంట్లో ఎప్పుడో తెచ్చిన పురుగుల మందు ఉంటే కలిపి కొట్టేశాను. అది దేనికి పనిచేసే మందో చదవలేదు, మొక్క మీద ఏముందో చూడలేదు. పది రోజులు తిరక్కుండానే చుక్కలు పక్కనున్న మూడు కుండీలకీ పాకాయి. మొదటి మొక్క ఆకులైతే కంచురంగుకి తిరిగి రాలిపోవడం మొదలైంది. పొద్దున్నే ఆ రాలిన ఆకులు ఏరుతుంటే ప్రాణం ఉసూరుమనేది.

"ఆకు వెనక చూశావా?" అనడిగారు నాన్న. చూడలేదు. పేపరు చదవడానికి వాడే భూతద్దం తెచ్చి చేతిలో పెట్టారు. ఆకు తిప్పి పట్టుకుంటే, ఈనె పక్కన దుమ్ము అనుకున్నది కదిలింది! ఒక్కోటి అర మిల్లీమీటరు కూడా ఉండదేమో. లేత పసుపు ఒళ్లు, రెండు పక్కలా రెండు నల్ల మచ్చలు, ఎనిమిది కాళ్లు. మధ్యమధ్యలో ముత్యాల్లా గుండ్రటి గుడ్లు, వాటి మీదుగా కంటికి ఆనీ ఆనని దారాలు. ఎర్రనల్లి. పేరులో ఎరుపున్నా అన్నీ ఎర్రగా ఉండవు. ఇవి సాలీడు వైపు చుట్టాలు, పురుగుల జాతి కాదు. ఆకు అడుగున చేరి రసం పీలుస్తాయి, పీల్చిన చోటల్లా పైన ఒక తెల్ల చుక్క పడుతుంది.

అప్పుడర్థమైంది నేను చేసిందేమిటో. మామూలు పురుగుల మందుల్లో చాలావాటికి నల్లి లొంగదు. దాన్ని వేటాడి తినే బుల్లి అక్షింతల పురుగులు, వేట నల్లులు మాత్రం చచ్చిపోతాయి. అడ్డు తీసేసి నల్లికి దారిచ్చింది నేనే. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముందు ఆ నాలుగు కుండీలనీ మిగతావాటికి దూరంగా జరిపాను. బాగా పాడైన ఆకులు తుంచి, సంచిలో మూటకట్టి పారేశాను. తర్వాత రోజు విడిచి రోజు పొద్దున పూట ఆకుల అడుగు తడిసేలా పైపుతో గట్టిగా నీళ్లు కొట్టాను. పైన ఎంత కొట్టినా లాభం లేదు, అవి ఉండేది కింద కదా. కొమ్మని ఒక చేత్తో వంచి పట్టుకుని రెండో చేత్తో కొట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ సగం ఫలితం దీనివల్లే వచ్చిందని నా నమ్మకం.

వేపనూనె నీళ్లలో ఊరికే కలవదు. 5 మి.లీ. నూనెలో ఒక మిల్లీలీటరు ద్రవ సబ్బు వేసి బాగా గిలక్కొట్టి, తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లు పోసుకున్నాను. ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి ఒక రోజు ఆగి చూశాను. కలిపింది ఆ పూటే వాడేయాలి, కొట్టేటప్పుడు మధ్యమధ్యలో సీసా ఊపుతుండాలి. ఒకసారి తొందరపడి ఎండెక్కాక కొడితే లేత చిగుళ్లు మాడిపోయాయి. ఆ తర్వాత అంతా పొద్దువాలాకే. గుడ్లన్నీ ఒక్క దెబ్బకి పోవు, వేడి రోజుల్లో గుడ్డు వారం తిరిగేసరికి నల్లి అయిపోతుంది. అందుకే ఐదు రోజులకోసారి చొప్పున నాలుగుసార్లు కొట్టాను.

తగ్గుతోందో లేదో తెలియడానికి తెల్ల కాగితం మీద కొమ్మని తట్టేదాన్ని. మొదటిసారి కాగితమంతా పాకే చుక్కలే, లెక్కపెట్టలేకపోయాను. మూడో విడత తర్వాత నాలుగు కనిపించాయి.

మరి ఆ అర్ధచంద్రాలు? ఒక రోజు పొద్దున నీళ్లు కొట్టబోతుంటే చిన్న తేనెటీగలాంటిది వచ్చి ఆకు అంచున వాలింది. గిర్రున ఒంపు తిరుగుతూ కోసింది, కొన్ని సెకన్లే! ముక్కని పొట్ట కింద చుట్టి పట్టుకుని ఎగిరిపోయింది. ఆకు కోసే తేనెటీగ అది. ఆ ముక్కని తినదు, పిల్లల కోసం కట్టే గూటిలో పరుస్తుంది. పూలకి పరాగసంపర్కం చేసిపెట్టే జీవి కూడా. నాలుగు ఆకుల అంచులు పోయినంత మాత్రాన గులాబీకి వచ్చే నష్టమేమీ లేదు. దాని జోలికి నేను పోలేదు.

ఈ వారం మొదటి కుండీకి కొత్త చిగుళ్లొచ్చాయి, ఎర్రగా నిగనిగలాడుతూ. వెనక్కి తిప్పి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. వాటి కిందున్న రెండు ముదురు ఆకులకి మాత్రం అంచున కొత్తగా అర్ధచంద్రాలున్నాయి.