లిల్లీ ఆకులు లెక్కపెట్టే ఊరికి ఓ శనివారం

ముందు ఒక మాట, లిల్లీ అంటే మా అమ్మకి దండల్లో గుచ్చే లిల్లీ పూలే, అదే నేల సంపెంగ. అందుకని "లిల్లీ తోట చూడ్డానికి వెళ్దామా" అనగానే ఇంత చలిలో లిల్లీ పూలేంటే, పిచ్చా అంది. అక్టోబర్లో వచ్చిన దగ్గర్నించీ ఆవిడ అమెరికాలో, మిచిగన్ రాష్ట్రం క్యాంటన్లో మా ఇంట్లో హీటర్ పక్కన కూర్చుని కిటికీలోంచి మంచు చూడ్డం తప్ప ఏం చేయలేదు పాపం. పుట్టిల్లు కడియం దగ్గర, మావయ్యకి అక్కడ నర్సరీ, చిన్నప్పటి నుంచీ కుండీల మధ్య పెరిగిన మనిషి. ఆవిడకి నయాగరా చూపించినా "బానే ఉంది" అంటుంది, మొక్క చూపిస్తే అక్కడే ఆగిపోతుంది.

మా ఆఫీసులో ఒకమ్మాయి వాళ్ళ మావగారికి కలమజూ పక్కన గ్రీన్‌హౌస్ ఉంది, ఈస్టర్ లిల్లీలు (ఈస్టర్ పండక్కి కుండీల్లో అమ్మే తెల్ల పూల మొక్కలు, మన నేల సంపెంగ కాదు) పెంచుతారు, మీ అమ్మగారిని తీసుకురా అని ఎప్పటి నుంచో అంటోంది. మొత్తానికి పోయిన ఏడాది, అంటే 2025 ఫిబ్రవరి 15న బయల్దేరాం. ఐ-94 హైవే మీద రెండు గంటలే కానీ జాక్సన్ దాటాక మంచు మొదలైంది, బ్యాటిల్ క్రీక్ దగ్గర ముందు ట్రక్కు లైట్లు తప్ప ఏం కనపడలేదు, మా ఆయన స్టీరింగ్ పట్టుకుని ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. అమ్మ మాత్రం వెనక సీట్లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.

లోపలికి అడుగుపెట్టగానే నా కళ్ళజోడు మొత్తం ఆవిరి పట్టేసింది. తుడుచుకుని చూస్తే బెంచీల నిండా ఆరంగుళాల కుండీలు, ఒక్కోదాన్లో ఒక్కో మొక్క, జానెడు కూడా లేదు, పువ్వూ లేదు మొగ్గా లేదు. మా ఆయన మొహం చూడాలి, దీనికోసమా మంచులో వచ్చింది అన్నట్టు. అమ్మ మాత్రం శాలువా తీసి నా చేతిలో పెట్టేసి ఆ తడి మట్టి వాసన గట్టిగా పీల్చి "ఇప్పుడు ప్రాణం లేచొచ్చిందే" అంది.

పెద్దాయనకి డెబ్బై దాటుంటాయి, మాటకంటే చేత్తో చూపించడం ఎక్కువ. ఒక కుండీ తీసుకుని తలకిందులు చేసి అంచు మీద తట్టాడు, మట్టి ముద్ద మొత్తం కుండీ ఆకారంలో చేతిలోకి వచ్చేసింది. చుట్టూ తెల్లటి వేళ్ళు. మధ్యలో దుంప. ఉల్లిపాయలా పొరలు కాదు, చేప పొలుసుల్లా రెక్కలు రెక్కలుగా ఉంది. అమ్మ వేలు పెట్టి చూపిస్తూ "దుంప కింద వేళ్ళు సరే, పైన కాడకి కూడా ఉన్నాయేంటి" అని అడిగింది, నేను ఇంగ్లీషులోకి మార్చేలోపే ఆయనకి అర్థమైపోయింది, అందుకేనమ్మా దుంపని లోతుగా పెడతాం, పైన రెండంగుళాల మట్టి ఉంటే కాడకి కూడా వేళ్ళు వస్తాయి అన్నాడు. ఇక అక్కడి నుంచి నేను దుభాషీ పని మానేశా, వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు, ఎవరి భాషలో వాళ్ళు.

ఈ దుంపలు మిచిగన్‌వి కాదు. కాలిఫోర్నియా, ఆరెగాన్ బార్డర్లో సముద్రం పక్కన స్మిత్ రివర్ అనే చిన్న ఊరుంది, ఈస్టర్ లిల్లీ దుంపలన్నీ దాదాపు అక్కడి నుంచే. అసలు మొక్క జపాన్ దక్షిణాన ర్యూక్యూ దీవులది. 1919లో లూయిస్ హౌటన్ అనే ఆయన ఒక సూట్‌కేసు నిండా దుంపలు తెచ్చి ఆరెగాన్ తీరంలో ఫ్రెండ్స్‌కి పంచాడట. అప్పట్లో వ్యాపారం మొత్తం జపాన్ చేతిలోనే, 1941లో యుద్ధం వచ్చి సరుకు ఆగిపోయేసరికి ఇక్కడ పెరట్లో సరదాగా వేసుకున్నవాళ్ళ పంట పండింది, దుంపలకి తెల్ల బంగారం అని పేరు పెట్టేశారు. తర్వాత ఒక్కొక్కళ్ళే మానేశారు, ఇప్పుడు వేసే రైతులు వేళ్ళ మీద లెక్కపెట్టే అంత మందే. ఎందుకు మానరు చెప్పండి, ఒక దుంప అమ్మకానికి రావాలంటే మూడు నాలుగేళ్ళు పొలంలో ఉండాలి, ప్రతి ఏడాదీ తవ్వి మళ్ళీ నాటాలి. పెద్దాయన దగ్గరున్న రకం పేరు నెల్లీ వైట్, ఒక రైతు తన భార్య పేరు పెట్టుకున్నాడు దానికి. అమ్మకి అది భలే నచ్చింది, మీ నాన్న వంగ మొక్కకి కూడా నా పేరు పెట్టలేదు అంది.

దుంపలు శరదృతువులో వస్తాయి, వాటికి వెయ్యి గంటల చలి చూపించాలి. అంటే ఆరు వారాలు, 40 నుంచి 45 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్యలో. ఆ చలి పడకపోతే దుంప బద్ధకంగా, ఎప్పుడు పూస్తుందో దానికే తెలీనట్టు ఉంటుందట. క్రిస్మస్ ఎర్రాకుల పాయిన్‌సెట్టియాలు బెంచీల మీంచి దిగ్గానే ఇవి ఎక్కుతాయి.

ఇక అసలు తలనొప్పి ఈస్టర్ తేదీ. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి చూసుకుని ఆ తర్వాత వచ్చే ఆదివారం పండగ, కాబట్టి మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 వరకు ఎప్పుడైనా రావచ్చు. 2024లో మార్చి 31, మేం వెళ్ళిన ఏడాది ఏప్రిల్ 20. దుంపకి ఇవేం తెలీదుగా. "ఓహో వీళ్ళూ పంచాంగమే చూస్తారన్నమాట" అంది అమ్మ. దసరా దాటిన మర్నాడు బంతిపూలు ఎవడికి కావాలి, మావయ్యా వాళ్ళు ప్రతి ఏడాదీ ఇదే టెన్షన్ పడతారు.

అందుకని వీళ్ళు ఆకులు లెక్కపెడతారు! నిజంగా, ఒక్కొక్కటీ. ఆకులన్నీ విచ్చుకున్నాకే మొగ్గ బయటికి కనపడుతుంది కదా. కొన్ని మొక్కలు బలి ఇస్తారు, భూతద్దం కింద సూదితో ఆకులు ఒలుచుకుంటూ మొగ్గ కనపడేదాకా వెళ్ళి మొత్తం ఎన్నో చూస్తారు. ఆ రోజు చూసిన మొక్కకి 90. అందులో విచ్చుకున్నవి 40, అంటే కాడ నుంచి బాగా పక్కకి వాలినవే లెక్క, నిటారుగా ఉన్నవి కాదు. మొగ్గలు పండక్కి నెల ముందు, అంటే మార్చి 21కి కనపడాలి, ఇంకా 34 రోజులు. మిగిలిన 50 ఆకుల్ని 34తో భాగించండి, రోజుకి ఒకటిన్నర. అంతకంటే నెమ్మదిగా వస్తుంటే వేడి పెంచుతారు, తొందరపడుతుంటే తగ్గిస్తారు. మళ్ళీ లెక్కపెట్టేటప్పుడు మొదటి నుంచి రాకుండా లెక్కపెట్టిన ఆఖరి ఆకుకి పెద్దాయన ఒక చిల్లు పెడతాడు, మనం ఆఫీసులో కాయితాలకి పెట్టే హోల్ పంచ్ తోనే. అమ్మ ఆ పంచ్ అడిగి తీసుకుని తనూ ఒక ఆకుకి టక్కుమని చిల్లు పెట్టి, ఆ గుండ్రటి ఆకుపచ్చ ముక్క కొంగున కట్టుకుంది. (ఎందుకో అడగలేదు నేను.)

ఇంకో చిట్కా, తెల్లారే ముందు మొదలుపెట్టి రెండు మూడు గంటలు గ్రీన్‌హౌస్ చల్లబరిస్తే మొక్క పొడుగు సాగదట, ఈ పగలూ రాత్రీ ఉష్ణోగ్రతల లెక్క 1980ల్లో మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో బాగా తేల్చారు. పొడుగైతే ట్రాలీ అరల్లో పట్టవు, కుండీతో కలిపి రెండడుగుల లోపు ఉండాలి. మా ఆయనకి ఇది మాత్రం ఎక్కింది, ఇంటికొచ్చేదాకా థర్మోస్టాట్ గురించే ఉపన్యాసం. పులిహోర పెద్దాయనకి ఇచ్చాం, ఎండుమిర్చి కూడా నమిలేశాడు మనిషి.

పండక్కి పది రోజుల ముందు మళ్ళీ వెళ్ళి రెండు కుండీలు తెచ్చుకున్నాం. అప్పటికి సగం బెంచీలు ఖాళీ, ముందే తెల్లబడి ఉబ్బిన మొగ్గల్ని కోల్డ్ రూమ్‌లో దాచారు, విచ్చుకోకుండా. పువ్వు తెరవగానే మధ్యలో పసుపు కేసరాలు గిల్లేయమని, లేకపోతే పుప్పొడి రాలి తెల్ల రేకులు పాడవుతాయని పెద్దాయన రెండుసార్లు చెప్పాడు. ఒకటి పక్కింటావిడకి ఇద్దామని అమ్మ ప్లాన్. ఆవిడ తలుపు తీసి కుండీ చూసి రెండడుగులు వెనక్కేసింది, ఇంట్లో రెండు పిల్లులున్నాయట, లిల్లీ ఆకు కొరికినా, ఒంటిమీద పడ్డ పుప్పొడి నాకినా పిల్లికి కిడ్నీలు పోతాయట. సారీ చెప్పి వెనక్కి తెచ్చేశాం.

ఒకటి డైనింగ్ టేబుల్ మీద శనివారం సాయంత్రమే తెరుచుకుంది, ఆదివారానికి నాలుగు పూలు, ఇల్లంతా ఘాటైన వాసన. కేసరాలు గిల్లడం నేను మర్చిపోయా, అమ్మ గంజి పెట్టిన తెల్ల చీర కొంగు మీద ఆవకాయ మరకలా పడింది, ఇప్పటికీ పోలేదు. ఆ వెనక్కి తెచ్చిన రెండోది చోటు లేక గరాజ్ కిటికీ దగ్గర పెట్టా, అక్కడ చలి. 90 ఆకులు లెక్కపెట్టి ఒక మనిషి సరిగ్గా పండగ రోజుకి తెచ్చిపెడితే నేను రెండు రోజులు లేట్ చేశా, మంగళవారం విచ్చుకుంది. ఆ సాయంత్రమే అమ్మ ఫ్లైట్. సూట్‌కేసులు కార్లో పెడుతుంటే గరాజ్‌లో దాన్ని చూసి, చెప్పులు విప్పకుండానే వెళ్ళి ఆరు కేసరాలూ గిల్లేసి చేతులు చీరకి తుడుచుకోబోయి ఆగి, మా ఆయన చొక్కాకి తుడిచింది.