చివర ఎవరు?

ఇంజనీరింగ్ చదవడానికి 1984లో అప్పటి సోవియట్ యూనియన్ రాజధాని మాస్కో వెళ్ళిన నాకు, రష్యన్ భాషలో మొట్టమొదట నోటికి పట్టిన వాక్యం తరగతి గదిలో నేర్చుకున్నది కాదు, వీధిలో విన్నది. "క్తో పస్లేద్నీ?" అంటే "చివర ఎవరు?" అని. దుకాణం ముందు జనం గుమిగూడి కనిపిస్తే ముందుగా ఆ ప్రశ్న వేయాలి. ఎవరో ఒకరు "నేనే" అంటారు. ఆ క్షణం నుంచి వారి వెనక చోటు మనది. "మీ వెనక నేనున్నాను, ఇప్పుడే వస్తాను" అని చెప్పి పక్క దుకాణంలో మరో వరుస పట్టుకుని తిరిగి వచ్చినా ఆ చోటు అలాగే ఉండేది. నేనున్న ఆరేళ్ళలో ఆ మాట తప్పిన మనిషి నాకు ఒక్కరు కూడా ఎదురు కాలేదు.

నా ఉపకారవేతనం నెలకు 90 రూబుళ్ళు. డబ్బుకు ఇబ్బంది పడిన గుర్తు లేదు. మెట్రోలో ఎంత దూరం వెళ్ళినా 5 కోపెక్కులే (రూబుల్‌లో నూరో వంతు కోపెక్కు). 1961లో పెట్టిన ఆ రేటు 1991 దాకా మారలేదు. సర్కారు ఇళ్ళ అద్దె రేట్లు 1928 నాటివి. నేను కొనుక్కున్న అల్యూమినియం గిన్నె అడుగున దాని ధర లోహంలోనే అచ్చు గుద్ది ఉండేది. ధరను లోహంలో గుద్దినవారికి దాన్ని మార్చే ఉద్దేశం బొత్తిగా లేదని ఆ గిన్నె తోమినప్పుడల్లా అనుకునేవాణ్ణి. అయితే సరుకు చాలనప్పుడు ధర పెరగకపోతే పెరిగేది వరుసే. ఉన్న మాంసం ముక్క ఎవరికి దక్కాలో తేల్చేది జేబులోని రూబుళ్ళు కాదు, కాళ్ళలోని ఓపిక.

ఈ సంగతి అక్కడివాళ్ళ మాటల్లోనే తెలిసిపోయేది. మంచి బూట్లు "కొన్నాను" అని ఎవరూ అనేవారు కాదు, "సంపాదించాను" అనేవారు. అందరి చేతిసంచుల్లోనూ మడిచిపెట్టిన ఒక వల సంచి ఉండేది, దాని పేరు అవోస్కా. "అవోస్" అంటే "ఏమో, జరుగుతుందేమో" అని అర్థం కాబట్టి దాన్ని నేను తెలుగులో ఏమోసంచి అని పిలుచుకునేవాణ్ణి. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఏం దొరుకుతుందో తెలియదు, దొరికినప్పుడు సంచి లేకపోతే అంతకన్నా దురదృష్టం లేదు. రాజధానిలో ఉన్న మేమే నయం. రియజాన్ లాంటి ఊళ్ళ నుంచి జనం రైలెక్కి మాస్కోకు సరుకులకు వచ్చేవారు. "పొడుగ్గా, ఆకుపచ్చగా ఉండి సాసేజీ వాసన వేసేది ఏమిటి?" అని ఒక పొడుపుకథ ఉండేది, జవాబు, రియజాన్ రైలు.

చాలా దుకాణాల్లో ఒక వస్తువుకు మూడు వరుసలు ఉండేవి. మొదట కౌంటరు దగ్గర జున్ను తూకం వేయించి ధర తెలుసుకోవాలి, తరువాత గల్లాపెట్టె దగ్గర నిలబడి డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి, ఆ చీటీతో మళ్ళీ కౌంటరుకు రావాలి. గల్లాపెట్టె దగ్గరి ఆవిడ పక్కనే యంత్రం ఉన్నా, చెక్క చట్రంలోని పూసలను టకటకా జరిపి లెక్క కట్టి, ఆ తరువాతే మీటలు నొక్కేది. రొట్టెల దుకాణం మాత్రం నాకు ఇష్టం. అక్కడ వరుస తొందరగా కదిలేది. అలమర దగ్గర దారంతో కట్టిన పెద్ద ఫోర్కు వేలాడుతుండేది. దాని వీపుతో రొట్టెను నొక్కి, మెత్తగా ఉంటేనే తీసుకునేవారు.

చదువుకు గానీ వైద్యానికి గానీ అక్కడ ఎవరూ అప్పు చేయగా నేను చూడలేదు, అది చిన్న విషయమని ఇప్పటికీ అనను. మరో ఊరు వెళ్ళాలంటే మాబోటి విదేశీయులకు ముందస్తు అనుమతి కావలసి వచ్చేదన్నదీ మరిచిపోలేదు. కానీ నన్ను ఎక్కువగా కలచివేసింది వేరే విషయం. సాయంత్రపు వరుసల్లో నిలబడేవారిలో నూటికి ఎనభై మంది ఆడవాళ్ళేమో అనిపించేది. ఫ్యాక్టరీలో మగవాళ్ళతో సమానంగా ఎనిమిది గంటలు పనిచేసి వచ్చి, జీతం లేని రెండో షిఫ్టును మంచులో నిలబడి చేసేవారు. సమానత్వం గురించి గోడలకు పెద్ద అక్షరాల్లో రాసుకున్న దేశం ఆ షిఫ్టును లెక్కలోకి తీసుకోలేదు.

ఒక ఫిబ్రవరి సాయంత్రం పొడవాటి వరుస చూసి, అలవాటు కొద్దీ "చివర ఎవరు?" అని అడిగి నిలబడ్డాను. ఏమిస్తున్నారని ముందున్న ముసలావిడను అడిగితే, "తెలియదు నాయనా, కానీ ఇంతమంది ఉన్నారంటే మంచిదే అయి ఉంటుంది" అంది. గంటన్నర తరువాత తెలిసింది, టాయిలెట్ పేపరు. మనిషికి పది చుట్టలు. ఆ రోజు ఏమోసంచి గదిలో మరిచిపోయాను. కౌంటరు మనిషి పది చుట్టలనూ తాడుకు గుచ్చి ఇస్తే, పెళ్ళికొడుకులా మెడలో దండ వేసుకుని మెట్రో దాకా నడిచాను. దారిలో ఒక్కరూ నవ్వలేదు. ముగ్గురు మాత్రం ఆపి, ఎక్కడ ఇస్తున్నారని అడిగి, నేను వచ్చిన దారినే గబగబా నడిచి వెళ్ళారు.