ఊక నిండిన ఇంజన్, కూలర్ రేకు: బత్తాయి తోటలో బగ్గీ పని

ఫిబ్రవరి 2

మిర్యాలగూడలో మా మేనమామ గారి రైసు మిల్లు వెనక, రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి టార్పాలిన్ కింద పడి ఉన్న బగ్గీని, అంటే ఇసుకలో తోలే చిన్న కారును, ఈ రోజు ట్రాక్టర్ ట్రాలీలో ఎక్కించి నల్లగొండ పక్కనున్న మా బత్తాయి తోటకు తెచ్చాం. ఒక్క టైరులోనూ గాలి లేదు. స్టీరింగ్ తిరుగుతోంది. బ్రేకు పెడల్ తొక్కితే నేలకు తగిలి అక్కడే ఉండిపోయింది. "తుక్కు వాళ్లకు వేస్తే నాలుగు డబ్బులు వచ్చేవి, నీకు ఊరికే ఇస్తున్నాను అల్లుడూ" అన్నారు మామయ్య. ట్రాలీ కిరాయి, నలుగురు మనుషుల కూలీ కలిపి 3,200 రూపాయలు అయింది. ఊరికే అంటే ఇదే కాబోలు.

పైన ఉన్నది ఫైబర్ గ్లాసు తొట్టి. 1964లో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ మొదలుపెట్టిన మేయర్స్ మాంక్స్ అనే ఇసుక బండికి ప్రపంచమంతా నకళ్లు పుట్టాయి. మాది ఎవరు పోసిన నకలో తెలిపే గుర్తు ఎక్కడా లేదు. కింద ఉన్నది మాత్రం ఫోక్స్‌వాగన్ బీటిల్ చట్రం, వెనక దాని ఇంజన్. నంబరు హెచ్ అక్షరంతో మొదలైంది కనుక 1500 అని పిలిచే రకం, కచ్చితంగా చెప్పాలంటే 1493 సీసీ. నాలుగు సిలిండర్లు అటు రెండు ఇటు రెండు పడుకుని ఉంటాయి. రేడియేటర్ లేదు, నీళ్లతో పని లేదు.

చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకటే మాట: "గాలి తగిలితే చాలు, బుల్లెట్ బండిలాగే." ఆ మాట ఎంత తప్పో నాకూ ఈ రోజు తెలియదు. రెండు వారాల తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి 9

ఎన్నో ఏళ్లు ఆగిన ఇంజన్‌కు ముందుగా బ్యాటరీ తగిలించడం చేయకూడని పని. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో రంధ్రంలో డీజిల్, ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి రెండు చెంచాలు పోసి వారం రోజులు వదిలేశాను. ఈ రోజు కింది పుల్లీ బోల్టుకు 30 నంబరు పానా వేసి చూస్తే మొదట కదల్లేదు. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం ఊపుతూ అరగంట గడిపాక వేలెడంత తిరిగింది. సాయంత్రానికి పూర్తి చుట్టు. ఇక్కడ బలం చూపిస్తే పిస్టన్ రింగులు విరుగుతాయి. పక్కనే నిలబడి "నాకివ్వు బావా, ఒక్క దెబ్బలో తిప్పుతాను" అంటున్న మా బావమరిదిని టీ తెమ్మని పంపించాను.

ఫిబ్రవరి 16

ఇంజన్ పైన వంపు తిరిగిన పెద్ద రేకు తొడుగు ఉంటుంది. దాని లోపలే ఫ్యాన్. ఆ తొడుగును ఎత్తగానే రెండు తట్టల ఊక రాలింది. మిల్లు షెడ్డు కదా, ఎలుకలు తమకు కావలసిన పరుపు అక్కడినుంచే తెచ్చుకున్నాయి. సిలిండర్ల చుట్టూ వేడిని గాలికి వదిలే రేకు రెక్కలు, అంటే ఫిన్లు, వాటి సందులన్నీ ఊక, గోనె పోగులు, ఎండిన పెంటికలతో గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి. వెదురు పుల్లతో గీకి, కంప్రెసర్ గాలి కొట్టి శుభ్రం చేసేసరికి పూట గడిచింది. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఈ పని చేయకండి.

ఈ ఇంజన్ సంగతి ఇక్కడ కొంచెం వివరంగా రాయాలి. బుల్లెట్ ఇంజన్ రోడ్డు మీది గాలికి ఎదురుగా నిలబడి ఉంటుంది. ఇది బండి తోకలో దాక్కుని ఉంటుంది. బండి ఎంత వేగంగా పోయినా ఆ గాలి దీనికి పెద్దగా ఉపయోగపడదు. డైనమో ఇరుసుకే బిగించిన ఫ్యాన్ గాలిని లాగి తొడుగులోకి తోస్తుంది. అక్కడినుంచి గాలి సిలిండర్ల పైనున్న మూత రేకుల కింద దూరి, ఫిన్ల మధ్యగా కిందికి పోవాలి. అంటే కాలువ నీరు లాంటిదే. గట్టు తెగితే చివరి మడికి నీరు అందదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద చివరి భూముల రైతుకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

మా బండికి గట్టు తెగిన చోటు దొరికింది. కుడివైపు సిలిండర్ల మీద మూత రేకు ఉంది. ఎడమవైపు లేదు. ఎవరో ఏదో మరమ్మతుకు విప్పి, "గాలి బాగా తగులుతుందిలే" అనుకుని తిరిగి బిగించకుండా వదిలేసి ఉంటారు. ఎడమవైపు ముందున్నది మూడో సిలిండర్. ఈ పాత రకంలో ఆయిల్ కూలర్ తొడుగు లోపలే, సరిగ్గా మూడో సిలిండర్‌కు వెళ్లే గాలికి అడ్డంగా నిలబడి ఉంటుంది. అందువల్ల అన్నీ సరిగ్గా ఉన్నా మిగతా వాటికంటే అదే ఎక్కువ వేడెక్కుతుంది. కంపెనీ 1971 మోడళ్లనుంచి ఆ కూలర్‌ను పక్కకు జరిపింది. మాది అంతకు ముందుది. దాని మీద ఉన్న మూత కూడా తీసేసి నల్లగొండ ఎండల్లో తోలారంటే, ఆ సిలిండర్ ఎలా ఉంటుందో చూడాలంటే భయం వేసింది.

మార్చి 1

గడియారం స్తంభం సెంటర్‌కు దగ్గర్లో డబ్బాలు, గరాటాలు చేసే చాచా ఒకాయన ఉన్నారు. కుడివైపు రేకు విప్పి ఆయన ముందు పెట్టి, "చాచా, దీన్ని అద్దంలో చూసినట్టు తిప్పి చేయాలి" అన్నాను. ఆయన దాన్ని పది నిమిషాలు తిప్పి చూసి, "ఇది ఏ గిన్నెకు మూత?" అని అడిగారు. పెళ్లి పత్రిక అట్టలు అతికించి ముందు నమూనా కత్తిరించాం. తోటకు తెచ్చి ఇంజన్ మీద పెట్టి చూడటం, మళ్లీ వెళ్లి దిద్దించడం మూడుసార్లు జరిగింది. రేకు కోసం మా ఇంట్లో మోటారు కాలిపోయిన పాత ఇనుప ఎయిర్ కూలర్ పక్క పలకను కోశాం. చల్లదనం ఇచ్చే పనిలోంచి దానికి విశ్రాంతి దొరకలేదు. కూలీ 900 రూపాయలు. అంచు మడత ఇంత శుభ్రంగా యంత్రం కూడా వేయదు.

ప్లగ్గుల దగ్గర మూత రేకులో పెద్ద రంధ్రాలు ఉంటాయి. ప్లగ్ టోపీకి ఉండే రబ్బరు చక్రం వాటిని మూయాలి. మావి ఎప్పుడో పొడి అయిపోయాయి. ప్రస్తుతానికి ట్రాక్టర్ ట్యూబు కోసి పెట్టాను. వేడికి ఎక్కువ కాలం నిలవదు, అసలువి తెప్పించాలి.

మార్చి 9

ఆయిల్ మార్చాను. ఈ ఇంజన్‌కు రెండున్నర లీటర్లు చాలు, కాగితం ఫిల్టర్ ఉండదు, అడుగున తీగ జాలీ మాత్రమే. ఆ జాలీ కింది పలకను పట్టి ఉంచే ఆరు చిన్న నట్లను చేతి మణికట్టు బలంతోనే బిగించాలి. మరలు పోతే ఇంజన్ కేస్ పాడవుతుంది. ఇక్కడ సులభంగా దొరికే 20డబ్ల్యూ-50 పోశాను.

తర్వాత టాపెట్లు, అంటే వాల్వులకూ వాటిని నొక్కే మీటలకూ మధ్య ఖాళీ సరిచేయడం. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి, ఖాళీ 0.15 మిల్లీమీటర్లు. ఒకటో సిలిండర్ దగ్గర మొదలుపెట్టి పుల్లీని వెనక్కి, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా, అర చుట్టు చొప్పున తిప్పుకుంటూ పోతే 1, 2, 3, 4 వరుసలో పని అయిపోతుంది. ఏడు వాల్వులకు కొంచెం అటూ ఇటూగా ఖాళీ ఉంది. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వుకు అసలు లేదు. ఖాళీ కొలిచే పలుచని రేకుల్లో 0.05 బ్లేడు కూడా దూరలేదు. వేడికి వాల్వు సాగడమో, సీటు లోపలికి దిగడమో జరిగింది. సరిచేయక ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఒత్తిడి, ఒకటినుంచి నాలుగు వరుసలో పీఎస్ఐ లెక్కన చూశాను: 110, 105, 60, 110. సరిచేశాక మూడోది 95కు వచ్చింది.

హెడ్, అంటే వాల్వులు కూర్చునే భాగం, ఇప్పుడే విప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. సాగిన వాల్వు తల విరిగి పడితే పిస్టన్, హెడ్ రెండూ పోతాయి. చివరికి విప్పకూడదనే అనుకున్నాను. ఇంజన్ నడిచిన గంటలు లెక్కపెట్టే ట్రాక్టర్ అవర్ మీటర్ ఒకటి బిగించి, నడిచిన ప్రతి రెండు గంటలకూ ఆ వాల్వు ఖాళీ కొలిచి నోటు పుస్తకంలో రాస్తాను. మళ్లీ మూసుకుంటూ వస్తే అప్పుడు హెడ్ దిగుతుంది. ఇది తప్పు అనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది.

మార్చి 22

ట్యాంకులో ఉన్నది పెట్రోలు కాదు, వార్నిష్. నట్లు, గులకరాళ్లు వేసి ఊపి కడిగాం. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బి మెత్తబడతాయి. అందుకే ఇంధనం గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే కొత్తవి వేసి, ప్రతి అతుకుకూ క్లిప్పు పెట్టాను. పంపు డయాఫ్రం కూడా మార్చాను. ఫిల్టర్‌ను ట్యాంకు దగ్గరే ఉంచండి. చాలామంది ఇంజన్ మీద, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కన వేలాడదీస్తారు. అక్కడ గొట్టం జారితే పెట్రోలు కారేది నిప్పురవ్వల మీదే. బండి నిలువునా తగలబడుతుంది.

కార్బొరేటర్ విప్పి జెట్లు గాలితో ఊదాను, తీగ పెట్టి పొడవలేదు. డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటు తెంచే పాయింట్ల మధ్య ఖాళీ 0.4 మిల్లీమీటర్లు. డిస్ట్రిబ్యూటర్ బాష్ 009 అనే రకం కనుక, బల్బు పెట్టి ఇంజన్ ఆపి ఉన్నప్పుడే ఏడున్నర డిగ్రీల దగ్గర టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పు రవ్వ వేసే సమయం, కట్టాను.

మార్చి 30

బ్యాటరీ, స్విచ్, స్టార్టర్. ఇంజన్ గిర్రున తిరిగింది, కార్బొరేటర్ లోంచి ఢాం అని మంట ఎగిసింది. బత్తాయి చెట్ల మీది కొంగలన్నీ లేచిపోయాయి. మళ్లీ కొడితే మళ్లీ ఢాం. అగ్గి ఆర్పే సిలిండర్ పక్కనే పెట్టుకోవడం మంచిదైంది, వాడే అవసరం రాకపోయినా.

తప్పు నాదే. మంట పడే వరుస 1-4-3-2 అని కాగితం మీద రాసుకున్నాను కానీ, ఏది ఒకటో సిలిండర్ అన్నది తలకిందులు చేశాను. ఇంజన్ వెనక నిలబడి నాకు దగ్గరగా ఉన్నదే ముందుది అనుకున్నాను. ఈ బండిలో ముందు అంటే బండి ముఖం వైపు, ఫ్లైవీల్ ఉన్న వైపు. కుడి ముందు ఒకటి, కుడి వెనక రెండు, ఎడమ ముందు మూడు, ఎడమ వెనక నాలుగు. తీగలు మార్చాక మూడో ప్రయత్నానికి అందుకుంది. మొదట నీలం పొగ, తర్వాత కుట్టుమిషన్ లాంటి టకటక. మామయ్యకు ఫోను చేసి సైలెన్సర్ దగ్గర పెట్టాను. "ఇంకా అమ్మేయొచ్చు అల్లుడూ" అన్నారు.

ఏప్రిల్ 13

వేడి పరీక్ష. బోరు మోటార్లు వైండింగ్ చేసే మిత్రుడి దగ్గర దూరంనుంచి వేడి కొలిచే పరికరం తెచ్చాను. నీడలో నిలబెట్టి పది నిమిషాలు నడిపాక ఒకటో ప్లగ్గు దగ్గర 140 డిగ్రీలు, మూడో దాని దగ్గర 165. ట్యూబు రబ్బరు చక్రాలు అప్పటికే వంకరపోయి గాలి పక్కలకు చిమ్ముతోంది. పోస్టులో వచ్చిన అసలు రబ్బర్లు వేసి మరునాడు అదే సమయానికి అంతే సేపు నడిపాను: 140, 150. వేలెడంత రబ్బరు చక్రాలు రెండు, పదిహేను డిగ్రీలు!

ఫ్యాన్, డైనమో రెండింటికీ ఒకటే బెల్టు. మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒకటిన్నర సెంటీమీటర్లు దిగాలి. ఎర్ర దీపం వెలిగిందంటే మిగతా బండ్లలో లాగా చార్జింగ్ పోయింది, ఇల్లు చేరాక చూద్దాం అనుకోకూడదు. బెల్టు తెగితే ఫ్యాన్ ఆగిపోతుంది. ఉన్నచోటే ఇంజన్ ఆపేయాలి. బావమరిదికి తాళం ఇచ్చే ముందు ఈ ఒక్క విషయం మూడుసార్లు చెప్పించుకున్నాను.

మే 3

బ్రేకు సిలిండర్లు నాలుగూ, మాస్టర్ సిలిండర్ మార్చడానికి నెల పట్టింది. అందులో రాయదగ్గ విశేషం ఏమీ లేదు, విడిభాగాలు రావడమే ఆలస్యం. ఇది రోడ్డు ఎక్కదు. కాగితాలు లేవు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలా రూపం మార్చిన బండ్లను ఒప్పుకోదు. తోట గట్టు, పక్కనున్న ఎర్ర చెలక, అంతే దాని రాజ్యం.

సాయంత్రం ఆరున్నరకు, వడగాలి తగ్గాక, చెలకలో నాలుగు చుట్లు తిప్పాం. రెండో గేరులో వెనక చక్రాలు దుమ్ము చిమ్ముతుంటే బావమరిది కేక ఊరి దాకా వినిపించి ఉంటుంది. అవర్ మీటర్ 4.1 దగ్గర ఆపాం. రాత్రి చల్లారనిచ్చి, తెల్లవారి కవరు తీసి బ్లేడు పెట్టాను. మూడో ఎగ్జాస్ట్: 0.13. రెండు గంటల దగ్గర 0.15 ఉండేది. సరిచేయకుండా అలాగే మూసేశాను, ఆరు గంటల దగ్గర ఎంత చూపిస్తుందో చూడాలి. హెడ్ గాస్కెట్లు మాత్రం ఇప్పుడే తెప్పించి పెట్టుకుంటున్నాను.