నాలుగో వేలు

నొప్పి ఉంటే డాక్టర్ దగ్గరికి ఎప్పుడో పరిగెత్తేదాన్ని. నాకు నొప్పి లేదు, తిమ్మిరి. ఎడమ చేతి చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలు సగం. పొద్దున లేచి చెయ్యి దులుపుకుంటే పోయేది, కాఫీ అయ్యేసరికి మర్చిపోయేదాన్ని.

22 ఏళ్లుగా వయొలినే నా బతుకు. హైదరాబాద్ రాంకోఠి సంగీత కళాశాలలో కర్ణాటకం నేర్చుకుని, తర్వాత వెస్టర్న్ కూడా పట్టుకుని, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పక్కవాద్యం, రోజూ సాయంత్రం ట్యూషన్లు, ఆదివారం 18 మంది పిల్లల ఆర్కెస్ట్రా. వయొలిన్‌లో బొటనవేలిని లెక్కపెట్టం, చిటికెన వేలే నాలుగోది. దాని బలం తగ్గాక, అది పడాల్సిన చోట మూడో వేలితో జారడం మొదలుపెట్టాను. కచేరీలో అది జారు గమకంలాగే, అంటే స్వరం నుంచి స్వరానికి కావాలని జారినట్టే వినిపిస్తుంది, ఒకాయనైతే బాగుందని మెచ్చుకున్నాడు కూడా. పట్టేసింది మాత్రం సెకండ్ వయొలిన్‌లో చివరి కుర్చీలో కూర్చునే పన్నెండేళ్ల పిల్ల. "మమ్మల్ని ఫోర్త్ ఫింగర్ వేయమంటారు, మీరు వేయరేంటి మేడమ్?"

మొదటి డాక్టర్ మెడ అరిగిందన్నారు. బెల్టు, బీ12 మాత్రలు, మూడు నెలలు వృథా. రెండో ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక కాగితం పట్టుకోమని లాగింది. కుడి చెయ్యి వదల్లేదు. ఎడమ బొటనవేలు కొస కణుపు దగ్గర కొక్కెంలా వంగిపోయింది. తర్వాత కరెంటు షాకులిచ్చే నరాల పరీక్ష. మోచేతికి ఏదైనా తగిలితే జిల్లుమంటుంది చూడండి, సరిగ్గా అక్కడ అల్నార్ నరం నలుగుతోందట. మోచెయ్యి వంచేకొద్దీ నరం సాగుతుంది, అది వెళ్లే దారి ఇరుకవుతుంది. నేను రోజుకి ఆరేడు గంటలు వంచే ఉంచేదాన్ని, రాత్రి ఫోను పట్టుకుని ఇంకో గంట.

చెయ్యి వంగకుండా తువ్వాలు చుట్టుకుని పడుకున్నాను కొన్నాళ్లు. తగ్గలేదు, బొటనవేలి పక్క కండ గుంటలా పడిపోయింది. ఆపరేషనే. దెబ్బతిన్న నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుందని చెప్పారు. ఇంటికొచ్చి మోచేతి నుంచి వేలి కొసదాకా టేపు పెట్టాను. 38 సెంటీమీటర్లు! లెక్క వేసుకుని ఏడ్చాను.

ఆదివారాలు మాత్రం మానలేదు. కుడి చేత్తో తాళం, ఎడమ చెయ్యి స్లింగులో. ఎవరు ఎప్పుడు అందుకోవాలో, ఎక్కడ తగ్గాలో పిల్లలకి చెప్పేది ఆ ఎడమ చెయ్యే. అది లేక రెండు వారాలు గందరగోళం. ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరం, అంటే ఇంగ్లిష్ బ్యాండు బాణీ, గమకాల బెడద లేని శంకరాభరణం, అందులో కూడా సెల్లోలు (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్లు) పట్టుకున్నవాళ్లు ముందే దూకేశారు. మూడో వారం చూద్దును కదా, సెల్లో కుర్రాడు పెదాలు కదుపుతూ బార్లు (మన ఆవర్తాల్లాంటివి) లెక్కపెట్టుకుంటున్నాడు. లెక్కపెట్టండ్రా అని ఏళ్ల తరబడి మొత్తుకున్నా వినలేదు, నా చెయ్యి చూసి వాయించేవాళ్లు మరి.

D తీగ మీద నాలుగో వేలు సరిగ్గా పడితే, వేలు పెట్టకుండా వదిలేసిన పక్క A తీగదీ అదే స్వరం కనక, అది దానంతటదే వణుకుతుంది. పదకొండో నెలలో ఒక పొద్దున, వేలి కొస ఇంకా మొద్దుగానే ఉంది, తీగ తగిలినట్టే తెలియలేదు, కానీ A తీగ మసక మసగ్గా కదిలింది. మళ్లీ వేశాను, మళ్లీ కదిలింది. అమ్మని కేకేసి పిలిచాను. దగ్గరికొచ్చి వంగి చూసి, "ఏముందే అక్కడ?" అంది. కళ్లజోడు వంటింట్లో మర్చిపోయి వచ్చింది.