గండికోట దారిలో మా వ్యాన్ పెట్టెలు

మా నాయన ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. అప్పటినుంచి ఒకటే మాట, ఇంక నేను నడపను, పక్కన కూర్చుని ఊళ్లు చూస్తా అని. అందుకే ఐదు సీట్ల పాత వ్యాన్ ఒకటి కొన్నాం. అనంతపురం నుంచి తాడిపత్రి, బెలుం గుహలు, గండికోట, మూడు రోజుల్లో వెనక్కి రావాలని ప్లాను. లాడ్జీలు వద్దు, వండుకోవడం, పడుకోవడం అన్నీ వ్యాన్‌లోనే.

సామాను పెట్టుకునే పెట్టెలు మేమే చేసుకున్నాం. సీటు మాత్రం పీకలేదు. ఆర్‌సీలో ఎన్ని సీట్లు రాసి ఉన్నాయో బండిలో అన్నే ఉండాలి, బండిని మార్చాలంటే ఆర్టీవో అనుమతి కావాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉన్నది దానికే. మేం చేసినవి ఎప్పుడంటే అప్పుడు దింపేసుకునే పెట్టెలు. వెనక సీటు వీపు ముందుకి వంగుతుంది కాబట్టి డిక్కీలో 14 అంగుళాల ఎత్తు పెట్టెలు మూడు పెట్టి, వాటి మీది పలకలు ముందుకి జరిపితే ఆరడుగుల మంచం అవుతుంది. నేలకి రంధ్రాలు వేయలేదు, కింద పెట్రోలు పైపులు పోతుంటాయి, ఒక్క డ్రిల్లు తప్పు పడితే అంతే. బండితోపాటు వచ్చిన ఇనుప కొక్కేలకే పెట్టెల్ని బెల్టులతో బిగించాం.

ప్లైవుడ్ 12 ఎం.ఎం. తీసుకున్నాం. 18 అయితే గట్టిగా ఉంటుందని షాపాయన చెప్పాడు కానీ 8 బై 4 షీటు ఒక్కటే 30 కిలోలు దాటుతుంది, పెట్టెల బరువే మోసుకుని తిరిగితే సామాను ఎక్కడ పెట్టాలి? అడ్డం, నిలువు చెక్కలు ఇచ్చుకుంటే 12 చాలు, మేమిద్దరం మీద కూర్చున్నా వంగలేదు. మేకులు ఒక్కటీ కొట్టలేదు. బండి అదురుకి మేకు మెల్లగా బయటికి వస్తుంది, స్క్రూ కూడా ప్లై అంచులో కొడితే వదులవుతుంది, అందుకని మూలలకి లోపల చెక్క దిమ్మెలు పెట్టి ఫెవికాల్ పూసి స్క్రూలు బిగించి, బరువు పడేచోట బోల్టుకి వాషరు, అదురుకి వదులవ్వని నైలాక్ నట్టు వేశాం.

బరువు ఎక్కడ పెట్టాలో మాత్రం అంతా నాయనే చెప్పాడు. నేను 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండూ వెనక డోరు దగ్గర పెట్టబోతే ఒప్పుకోలేదు. "తోకకి బరువు పెడ్తే స్టీరింగు మాట ఇనదురా. వెనక ఇరుసుకి ముందర పెట్టు, కిందికి పెట్టు" అన్నాడు. రెండు క్యాన్లంటే 40 కిలోలు మరి. ముందు సీటు వెనకాల, పక్క డోరు తెరవగానే కొళాయి చేతికి అందేలా పెట్టాం.

తాడిపత్రిలో ఉగ్గాని బజ్జీ తిని, చింతల వెంకటరమణ స్వామి గుళ్లో రాతి రథం చూసి బయల్దేరితే ఊరు దాటగానే బండల లారీలు. పాలిష్ ఫ్యాక్టరీల పొడి తెల్లగా గాల్లో ఉంటుంది. బెలుం చేరేసరికి చిన్న సామానుకి చేసిన సొరుగులు లాగితే కరకరమన్నాయి, సొరుగు జారే పట్టాల (టెలిస్కోపిక్ చానెల్) గోళీల్లోకి ఆ పొడి దూరింది. పైగా ఒక సొరుగు దారిలోనే తెరుచుకుని బొరుగుల సంచి, చెనక్కాయల పొడి డబ్బా బయటపడి ఉన్నాయి. అయస్కాంతం క్యాచ్ ఇంట్లో అల్మారాకి సరిపోతుంది, గతుకుల్లో ఆగదు. కొలిమిగుండ్లలో నాలుగు చిన్న గడియలు కొని అక్కడే బిగించాం, తర్వాత ఒక్క సొరుగూ కదల్లేదు.

బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు, చూడ్డానికి తెరిచింది ఒకటిన్నర కిలోమీటరు. లోపల గాలి పంపే గొట్టాలున్నా ఉక్క తప్పదు. పాతాళగంగ దాకా దిగి పైకొచ్చేసరికి నాయన చొక్కా తడిసి ముద్దయింది. డోరు తీసి కొళాయి కింద తల పెట్టి చాలాసేపు అట్లే కూర్చున్నాడు. ఆ నీళ్ల క్యాన్ చోటు ఎంత మంచిదో నాకు అప్పుడు తెలిసింది.

గండికోటలో అసలు తప్పు బయటపడింది. పెన్న లోయ చూసేసరికి చీకటి పడింది, చలిగాలి. నాయనకి నడుము నొప్పి, మంచం వేసి పడుకోబెట్టాను. అన్నం వండుదామని చూస్తే స్టవ్వూ బియ్యమూ ఆయన వీపు కింద పెట్టెలో ఉన్నాయి! మంచం కింది పెట్టెలన్నిటికీ మూత పైకే పెట్టాను. పడుకున్న మనిషిని లేపి, పరుపు మడిచి, పలక తీస్తే గానీ ఒక గిన్నె బయటికి రాలేదు. ఆయన ఏమీ అనలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నాకు మాత్రం చాలా బాధేసింది. ఐదు కిలోల సిలిండరు బయటే పెట్టి వండాను, గ్యాసు గాలికంటే బరువు, లీకైతే బండి నేలమీదే నిలుస్తుంది, లోపల వండే పనే పెట్టుకోకూడదు.

పొద్దున కోటలో ధాన్యాగారం దగ్గర నాయన చాలాసేపు నిలబడ్డాడు. మసీదుకి దగ్గర్లోనే ఉంటుంది, పైకప్పు కమానులా వంచి కట్టిన పెద్ద రాతి కట్టడం. "ఇంత ధాన్యం ఎట్ల పోసేవాళ్లో, ఎట్ల తీసేవాళ్లో" అన్నాడు. ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. నేను పెట్టెలో ఎంత పడుతుందనే కొలిచాను, ఎట్లా తీస్తామని ఒక్కసారీ ఆలోచించలేదు.

15 కిలోమీటర్లు దిగి జమ్మలమడుగులో ఒక వడ్రంగిని పట్టుకున్నాం. చూడగానే, "మూత పైకి లేస్తే మనిషి యాడ పండుకుంటాడన్నా? వెనక డోరుకి ఎదురుగా తెరవాల" అన్నాడు. వంట పెట్టెకి వెనక వైపు కోసి, పియానో కీలు అనే పొడవాటి బందు వేసి, తెరిస్తే అడ్డంగా నిలిచే పలక చేశాడు, గొలుసుతో ఆగుతుంది. అదే కూరగాయలు తరుక్కునే బల్ల కూడా అయింది. దుప్పట్లు, ఎప్పుడో కావలసిన సామాను మాత్రమే పైమూత పెట్టెల్లో ఉంచాం. గంటన్నర పని. ఆ సాయంత్రం తిరుగు దారిలో నాయన సీట్లోంచి కదలకుండానే రాగి సంగటి, ఊరిమిండి పచ్చడి తిన్నాడు.

వచ్చే నెల లేపాక్షికి అమ్మ కూడా వస్తోంది. మోకాళ్ల నొప్పి, మంచం ఎత్తు ఆమెకి కష్టం. చెప్పులు పెట్టుకునే పెట్టె ఒకటి మెట్టులా చేస్తున్నాం, పలకలు నిన్ననే కోశాం. మూత మాత్రం పక్కకే పెట్టాను.