వాన సెలవు ఉందా, లేదా?

పొద్దున ఆరు కాకముందే, మేం కాలేజీలో నడిపే వార్తల సైట్ టీమ్‌లోని జూనియర్ అమ్మాయి ఫోన్. "అక్కా, సెలవు ఇచ్చేశారు. సైట్‌లో పెట్టేయనా?" అంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న సెలవు ప్రకటన ఫోటో పంపింది. రాత్రంతా వాన దంచి కొట్టింది కాబట్టి ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. ఫోటో పెద్దది చేసి చూశాను. పైన తేదీ ఉండాల్సిన చోటు కత్తిరించేశారు. కింద జిల్లా పేరు చెన్నై అని ఉంది.

మా కాలేజీ తాంబరం దాటాక వస్తుంది. మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఇదంతా చెన్నైయే. కానీ 2019లో కాంచీపురం నుంచి విడదీశాక ఇది చెంగల్పట్టు జిల్లా. వాన సెలవు ఏ జిల్లాకి ఆ జిల్లా కలెక్టర్ ప్రకటిస్తారు. చెన్నైకి ఇచ్చారంటే మాకూ ఇచ్చినట్టు కాదు. పైగా చాలాసార్లు సెలవు బడులకే, కాలేజీలకి ఉండదు. ఈ తేడా తెలియక ఫార్వర్డ్ చూసి రూముల్లో ముసుగుతన్ని పడుకుని, అటెండెన్స్ పోగొట్టుకున్నవాళ్లు మా హాస్టల్లో ఎంతమందో.

"ఆగమ్మా, ఇప్పుడే పెట్టకు" అన్నాను. కలెక్టర్ ప్రకటన వెతికితే బడులకు మాత్రమే అని ఉంది. దాంతో అయిపోదు, కాలేజీ తనంతట తాను సెలవు ఇవ్వొచ్చు. ఆఫీసులో ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. మా టీమ్‌లో ఉన్న తమిళ కుర్రాడు బస్సు డ్రైవర్లని అడిగితే, ఎప్పట్లాగే బయల్దేరామన్నారు. చివరికి క్లర్కు గారు ఫోన్ ఎత్తి "క్లాసులున్నాయమ్మా" అన్నాక రెండంటే రెండు లైన్లు రాశాం. కాసేపటికే ఆ లింకు అన్ని క్లాసుల గ్రూపుల్లోకీ పాకిపోయింది.

మా సైట్ పెరిగిందంటే ఇలాంటి వాటివల్లే. పరీక్షల టైమ్‌టేబుల్ మారిందా, బస్సు రూటు మారిందా, ఫీజు గడువు పొడిగించారా అన్నవే జనం మళ్లీ మళ్లీ వచ్చి చూస్తారు. కష్టపడి రాసిన ఇంటర్వ్యూలు చదివేవాళ్లు తక్కువే. అందుకని వాటిని మానేయను, అవి ఉండాలి. కానీ ఫీజు తేదీ దగ్గర మమ్మల్ని నమ్మినవాళ్లే రేపు పెద్ద వార్త దగ్గరా నమ్ముతారు.

తెలుగు పేజీ పెట్టినప్పుడు కాలేజీలో అందరికీ ఇంగ్లీషు వచ్చుగా, ఎందుకన్నారు. ఇప్పుడు దాన్ని ఎక్కువగా చదివేది నెల్లూరు, తిరుపతి వైపు ఉండే అమ్మానాన్నలు. ఇవాళ మా అమ్మే ఫోన్ చేసి "సెలవు లేదంటగా, గొడుగు తీసుకెళ్లావా?" అంది. ఎంత సంతోషమేసిందో!

మధ్యాహ్నం ఒక కోచింగ్ సెంటర్ ఆయన వచ్చారు. డొమైన్‌కీ హోస్టింగ్‌కీ ఏడాది డబ్బు కడతారట, వాళ్ల ర్యాంకుల గురించి మేం వార్తలా రాయాలట. పైన 'ప్రకటన' అని వేస్తేనే తీసుకుంటామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. రెన్యువల్ దగ్గరపడింది, టెన్షన్ లేదని చెప్పను. తలా కొంత వేసుకుందామని టీమ్‌లో అనుకున్నాం.

సాయంత్రం జూనియర్లు కాస్త డీలాపడితే ది హిందూ సంగతి చెప్పాను. 1878 సెప్టెంబర్ 20న ఆ పత్రిక ఈ మద్రాసులోనే మొదలైంది. భారతీయుడైన ముత్తుస్వామి అయ్యర్‌ని మద్రాసు హైకోర్టు జడ్జిగా వేస్తే ఇంగ్లీషువాళ్ల పత్రికలు విరుచుకుపడ్డాయి. జవాబు చెప్పడానికి మనకో పత్రిక ఉండాలని ఆరుగురు పూనుకున్నారు. నలుగురు లా చదువుతున్న కుర్రాళ్లు, ఇద్దరు టీచర్లు. అప్పు తెచ్చిన రూపాయి పన్నెండణాలతో 80 కాపీలు వేశారు. ఆ ఆరుగురిలో మన న్యాపతి సుబ్బారావు పంతులు ఒకరు. "మన తెలుగాయనా అక్కా?" అని పిల్లలు లేచి కూర్చున్నారు.

మెస్ నీళ్ల వార్త మాత్రం ఇవాళ పెట్టలేదు. ఫిల్టర్ మీద ఆఖరి సర్వీసు తేదీ రాసిన స్టిక్కర్ ఫోటో ఉంది, వార్డెన్ సార్ మాట ఇంకా రాలేదు. రేపు పదింటికి రమ్మన్నారు. పొద్దున ఫోన్ చేసిన అమ్మాయినే పంపుతున్నాను. ప్రశ్నలు రాసిస్తానంటే వద్దంది, తనే రాసుకుంటుందట.