ఇంకా చెట్టు తియ్యలేదా?

జనవరి మొదటి వారం గడవకముందే మా అపార్ట్‌మెంట్‌లో ఈ ప్రశ్న మొదలవుతుంది. లిఫ్ట్‌లో ఒకరు, మెట్ల దగ్గర ఒకరు, తలుపు తెరిచి ఉంటే తొంగిచూసి ఇంకొకరు. అడగడంలో తప్పేం లేదు, వాళ్ళ లెక్కలో క్రిస్మస్ డిసెంబరు 25తో అయిపోయింది. ఆ లెక్క షాపింగ్ మాళ్ళు నేర్పింది. దీపావళి లైట్లు తీశారో లేదో, రెండంతస్తుల చెట్టు నిలబెట్టేస్తారు. 26 పొద్దుటికల్లా దాని పక్కన ఇయర్ ఎండ్ సేల్ బోర్డు వచ్చేస్తుంది.

మా లెక్క వేరు. మాది చీరాల, లూథరన్ కుటుంబం. మా గుడిలో క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆగమన ఆదివారాలుంటాయి. అవి ఎదురుచూసే వారాలు, అప్పుడు ఆల్టర్ మీద ఊదారంగు గుడ్డ పరుస్తారు. పండగ మొదలయ్యేదే 25న. తూర్పు జ్ఞానులు నక్షత్రం వెంట నడిచి వచ్చిన రోజుగా జనవరి 6ని జరుపుకునేదాకా అది సాగుతుంది. నవంబరులో చెట్టు పెట్టి డిసెంబరు 26న తీసెయ్యడం ఎలా ఉంటుందంటే, నెల ముందు పెళ్ళిపందిరి వేసి, తాళి కట్టగానే రాటలు పీకేసినట్టు. భోజనాలన్నా కానివ్వండి!

(మన దగ్గర ఆ ఎదురుచూసే వారాల్లోనే ఆఫీసుకొకటి, కాలేజీకొకటి సెమీ క్రిస్మస్‌లు జరిగిపోయి, అసలు పండగనాటికి కేకు మొహం చూడబుద్ధి కాదనుకోండి. అది వేరే గొడవ.)

చిన్నప్పుడు మా ఇంట్లో చెట్టు ఇరవై మూడు ముందు ఎప్పుడూ రాలేదు. అందులో భక్తి సగం, అవసరం సగం. మా చెట్టు సర్వి కొమ్మ, అదే సరుగుడు. వాడరేవు వైపు ఇసకనేలల్లో సర్వి తోటలుంటాయి. అక్కడినుంచి నాన్న సైకిల్ వెనక కట్టుకుని తెచ్చేవాడు. వెనక కొమ్మ రోడ్డు ఊడ్చుకుంటూ వస్తుంటే మేం దాని వెంట పరిగెత్తేవాళ్ళం. పాత బక్కెట్‌లో రెండు ఇటుకలు వేసి, మధ్యలో కొమ్మ మొదలు నిలబెట్టి, తడి ఇసక కూరి, బక్కెట్ చుట్టూ రంగు కాగితం చుడితే చెట్టయిపోయినట్టే. రోజూ ఇసక తడపాలి. ఎంత తడిపినా వారం తిరిగేసరికి రాలడం మొదలవుతుంది. డిసెంబరు మొదట్లోనే తెస్తే పండగనాటికి కర్ర మాత్రమే మిగులుతుంది.

సర్విని చూసి దేవదారు జాతనుకుంటారు గానీ కాదు. మనకి సూదుల్లా కనిపించే ఆకులు అసలు ఆకులే కావు, సన్నటి పచ్చ పుల్లలు. నిజమైన ఆకులు ఆ పుల్లల కణుపుల దగ్గర కంటికి ఆనీ ఆననట్టు పొలుసుల్లా ఉంటాయి. కణుపు దగ్గర లాగితే పుల్ల టక్కున ఊడుతుంది, మళ్ళీ గుచ్చితే అతుక్కున్నట్టే ఉంటుంది. ఎక్కడ విరిచానో చెప్పుకో అని ఆడుకునేవాళ్ళం. ఆ ఆటలో చెట్టు ఒక పక్క బోడిగా అయ్యేది. అమ్మ ఆ పక్కని గోడవైపు తిప్పి పెట్టేది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా. ఆ ఏడు మా వైపు కొమ్మ కోసం ఎవరూ తోటలోకి వెళ్ళక్కర్లేకపోయింది. పడిపోయిన చెట్ల మధ్యనుంచి ఏరుకోవడమే. అమ్మ మాత్రం పెట్టనంది. పొలాలు నీళ్ళలో ఉంటే నాకు చెట్టెందుకు అని, నక్షత్రం ఒక్కటి కట్టించింది.

చెట్టు లేకపోయినా పండగ గడుస్తుంది మాకు. నక్షత్రం లేకపోతే గడవదు. ఇప్పుడు ప్లాస్టిక్‌వి, మడత విప్పితే తెరుచుకునేవి దొరుకుతున్నాయి. నాన్న కట్టేది వెదురు బద్దలతో. ఐదు బద్దలతో ఒక చుక్క, ఇంకో ఐదింటితో అలాంటిదే మరొకటి. రెంటినీ కొసల దగ్గర కలిపి కట్టి, మధ్యలో చిన్న పుల్లలు అడ్డం పెట్టి ఎడంగా నెడితే పొట్ట ఉబికి నక్షత్రం ఆకారం వస్తుంది. కట్టడానికి వాడేది మగ్గం నూలు, చీరాలలో దానికి కొరతేముంది! పలచటి రంగు కాగితాన్ని మైదాపిండి ఉడికించిన జిగురుతో అంటించేవాడు. అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు, లేకపోతే రాత్రికి రాత్రి ఎలుకలు నాకి పెడతాయి. లోపల పదిహేను వాట్ల బల్బుకి మించి పెట్టేవాడు కాదు. అరవై పెడితే కాగితం ముందు గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత చెప్పక్కర్లేదు. వేడి పోవడానికి పైకొసలో కాగితం అంటించకుండా వదలాలి. తయారయ్యాక పొడుగాటి వెదురుకి కట్టి డాబా మీద నిలబెడితే, క్యారల్స్‌వాళ్ళు అర్ధరాత్రి చీకట్లో కూడా మా ఇల్లు తప్పేవాళ్ళు కాదు.

ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్క్‌లో తన ఇంటి చెట్టుకి ఎరుపు, తెలుపు, నీలం కరెంటు బల్బులు 80 కట్టాడట. అంతకుముందు అంతా కొవ్వొత్తులే. మా ఇంట్లో కొవ్వొత్తి చెట్టు దరిదాపులకి రానిచ్చేవాళ్ళు కాదు. సర్వి పచ్చిగా ఉన్నా మండుతుంది, ఎండితే ఇంక అడగక్కర్లేదు. అందుకని సీరియల్ సెట్లే. వాటితో నాన్న పడ్డ పాట్లు క్రిస్మస్‌లో సగం. ఒక బల్బు పోతే వరస మొత్తం ఆరిపోతుంది. 230 వోల్టుల కరెంటు నలభై బల్బులకి పంచితే ఒక్కోదానికి ఆరు వోల్టులు కూడా రాదు. పోయినదాన్ని వెతికి తీసేసి, వైరు మెలిపెట్టి టేపు చుడితే మళ్ళీ వెలుగుతుంది. కానీ దాని వంతు కూడా మిగతావాటి మీద పడుతుంది. అలా నాలుగైదు తీసేసరికి వెలుగు బాగా పెరుగుతుంది, ఆహా అనుకునేలోపు ఒకదాని వెంట ఒకటి టపటపా పోతాయి. ఇప్పుడు ఎల్ఈడీలు వచ్చి ఆ బాధ తగ్గింది, చిక్కులు మాత్రం అలాగే ఉన్నాయి.

హైదరాబాద్‌లో నేను పెట్టేది ప్లాస్టిక్ చెట్టే, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొన్నది. సర్వి కొమ్మ ఐదో అంతస్తుకి ఎక్కించే ఓపిక లేదు. నకిలీ చెట్టని మా పెద్దమ్మ మూతి విరుస్తుంది. నాకు ఆ పట్టింపు లేదు. జర్మనీలో నూటయాభై ఏళ్ళ కిందటే బాతు ఈకలకి పచ్చరంగు వేసి తీగలకి చుట్టి చెట్లు చేసేవాళ్ళు. అంతకన్నా పాత సంగతి, 1605లో స్ట్రాస్‌బర్గ్ ఇళ్ళలో చెట్లకి ఏం కట్టారో రాసిపెట్టి ఉంది. రంగు కాగితంతో చేసిన గులాబీలు, ఆపిల్ పళ్ళు, చక్కెర. మేం చిన్నప్పుడు క్రేప్ కాగితంతో గులాబీలు చుట్టి సర్వికి గుచ్చిందీ అదే పని. కాబట్టి అసలేది, నకిలీ ఏది అన్న పంచాయితీ నేను పెట్టుకోను.

మా ఆయనది మెదక్ వైపు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిన ఆ పెద్ద చర్చికి క్రిస్మస్ పొద్దున వెళ్ళి రావడమే వాళ్ళింట్లో పండగ. చెట్టు అలవాటు లేదు. అందువల్ల చెట్టు విషయంలో నా మాటకి ఎదురులేదు, సాయమూ లేదు.

పెట్టేటప్పుడు అందరూ ఉంటారు. ఫొటోలు, కేకులు, గులాబీపువ్వులు, చక్రాల్లాంటి పిండివంటలు. పైనుండే చుక్క ఎవరు పెట్టాలని పిల్లలు కొట్టుకుంటారు. తీసేటప్పుడు ఒక్కరుంటే గొప్ప. అందుకే ఆ పని గురించి ఎవరూ ఏమీ రాయరు. వచ్చే ఏడు చెట్టు గంటలో లేస్తుందా, పూటంతా పడుతుందా అన్నది తీసేరోజే తేలిపోతుంది. పెట్టేటప్పుడు లైట్లు అన్నిటికన్నా ముందు, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర. ముందు గాజు బంతులు దింపి, గుడ్లు వచ్చే అట్టల్లో పెడతాను. డజనుకి డజను సరిగ్గా కూర్చుంటాయి. తర్వాత తళుకు తోరణాలు. లైట్లని మాత్రం చేతికి చుట్టి సంచిలో పడెయ్యకూడదు. చీరల మధ్య వచ్చే గట్టి అట్టకి రెండు వైపులా గాట్లు పెట్టి, ప్లగ్గు బయటికి ఉండేలా దాని మీద చుట్టాలి. చుట్టేముందు ఒకసారి వెలిగించి చూసుకుంటే, పోయిన సెట్టుని మళ్ళీ పదకొండు నెలలు దాచే పని తప్పుతుంది. కొమ్మల్ని పైనుంచి కిందికి ఊడదీస్తూ ఏ వరసవి ఆ వరస తాడుతో కట్టి, ఒక్కో కట్టకి ఒక్కో రంగు గుడ్డపీలిక. చెట్టు కింద యేసు పుట్టుకని చూపిస్తూ పెట్టే బొమ్మల పశువుల పాకలో గడ్డి మాత్రం దాచను, పురుగు పడుతుంది. మట్టి గొర్రెలకి కాళ్ళు ముందు విరుగుతాయి కాబట్టి వాటిని పాత సాక్సుల్లో దూరుస్తాను.

ఎప్పుడు తియ్యాలన్న దానికి దేశానికో పద్ధతి. క్యాథలిక్కుల్లో ఫిబ్రవరి 2 దాకా ఉంచేవాళ్ళున్నారు. మా తమ్ముడు స్వీడన్‌లో ఉంటాడు. అక్కడ జనవరి 13న క్నూట్ రోజని చేస్తారట. పిల్లలు చేరి చెట్టు చుట్టూ పాటలు పాడుతూ తిరిగి, దానికి కట్టిన మిఠాయిలన్నీ దోచుకుని తినేసి, చెట్టుని బయటపడేస్తారు. వాడు వీడియో కాల్‌లో అది చెబుతుంటే అమ్మ నవ్వి, "మనదీ ఆ తారీఖేగా" అంది.

నిజమే. మా చెట్టు పోయేది భోగికే. మా వీధిలో సగం మగ్గాల ఇళ్ళు, సగం మా గుడికెళ్ళే ఇళ్ళు. సంక్రాంతి దగ్గర పడేసరికి భోగికి కర్రలడుగుతూ కుర్రాళ్ళు గుంపుగా వచ్చేవాళ్ళు. అప్పటికి మా సర్వి బాగా ఎండి ఎర్రబడి ఉండేది. అమ్మ కొమ్మకొమ్మా తడిమి తళుకు ముక్కలన్నీ ఏరేసి, దూది పీకేసి, అప్పుడు ఇచ్చేది. తళుకు కాలితే వీధంతా కంపు. ఒకసారి సంఘపెద్ద ఒకాయన, క్రిస్మస్ చెట్టుని భోగిమంటకిస్తారా అని అమ్మని నిలదీశాడు. "పొయ్యిలో పెడితే అడగరు, భోగిలో పెడితే అడుగుతారేంటండీ" అంది అమ్మ. మర్నాడు తెల్లవారుజామున ఆ మంట దగ్గర చలి కాచుకున్నవాళ్ళలో ఆయనా ఉన్నాడు.

ఇక్కడ కింద పార్కింగ్‌లో పిల్లలు భోగిమంట వేస్తారు. ప్లాస్టిక్ చెట్టుని వాళ్ళకిచ్చేది లేదు, ఆ పొగ పీల్చకూడదు. కాగితం చిరిగిపోయిన పాత నక్షత్రం వెదురు బద్దలు మాత్రం ఇస్తానని మాటిచ్చాను. ఈసారి సంక్రాంతికి చీరాల వెళ్తున్నాం కాబట్టి పదో తారీఖుకల్లా చెట్టు దించాలి. మా ఆయనకి అటక మీదనుంచి పెట్టె దింపమని ఇప్పటికే చెప్పాను. సీరియల్ సెట్ల జోలికి మాత్రం ఆయన్ని రానివ్వను, అవి నేనే చుట్టుకుంటాను.